తల్లి అడిగిన గోలి

పొద్దున్నే గోలి రేకు చింపి తండ్రి చేతిలో పెట్టడం కరుణశ్రీ పని. ఆ పని ఇంకెవరు చేసినా ఊరుకునేది కాదు. రేకు చిరగ్గానే లోపలి గోలి నుంచి సారా సీసా మూత తీసినట్టు గుప్పున వాసన కొడుతుంది. పిల్ల ఎడమ చేత్తో ముక్కు మూసుకుని, కుడి చేత్తో ఒకటి తీసి, మళ్లీ ఇంకొకటి తీసి సుకుమార్ అరచేతిలో వేస్తుంది. ఆ అరచెయ్యి వణుకుతూ ఉంటుంది. గోలీలు జారిపోకుండా ముక్కు వదిలేసి మరీ తన చిన్న చెయ్యి కింద ఆనించి పట్టుకుంటుంది. అతను నీళ్లు తాగి నోరు తెరిచి చూపిస్తే నాలుక కింద కూడా వెతికి, "పోయినయ్" అని తీర్పు చెప్పి, అప్పుడు జడ వేయించుకోవడానికి తల్లి ముందు కూర్చుంటుంది.

ఆ రోజు కూడా అలాగే కూర్చుంది. సువర్ణ దువ్వెన పెట్టి పాయ తీస్తుంటే మెడ వెనక ఒక పొక్కు కనపడింది. ఎండలు ముదరకముందే చెమటకాయేమిటి అనుకుంది. జుట్టు పక్కకు జరిపి చూస్తే చెవి కింద మరొకటి ఉంది, లోపల నీరు నిండి మెరుస్తోంది. గౌను పైకెత్తి చూసింది. కడుపు మీద అయిదారు తేలి ఉన్నాయి. ఒళ్లు కాలుతోంది.

ఏ తల్లయినా అప్పుడు పిల్లను ఒళ్లోకి తీసుకుంటుంది. సువర్ణ మాత్రం ముందు మొగుడివైపు తిరిగింది.

"నువ్వు లెవ్వు. బయటికి పో."

"ఏమైంది?" అన్నాడు సుకుమార్. అతను గోడకు ఆనుకుని, ఆమె రాత్రి చుట్టి పెట్టిన బీడీల కొసలు మడుస్తున్నాడు. దుబాయిలో ఎత్తయిన బిల్డింగుల మీద ఇనుప కడ్డీలు కట్టిన వేళ్లు ఇప్పుడు బీడీ కొస మడవడానికి కూడా రెండుసార్లు ప్రయత్నిస్తాయి.

"పిల్లకు తల్లి పోసింది. నువ్వు దగ్గర ఉండొద్దు, లే. నీకు అంటితె తట్టుకోవని డాక్టరమ్మ చెప్పింది మర్చిపోయినవా?"

అతను లేచాడు గానీ వాకిట్లోనే నిలబడిపోయాడు. గడప లోపల పిల్ల, గడప బయట తండ్రి. మధ్యలో దువ్వెన పట్టుకుని సువర్ణ. ముందు పిల్లను ఒళ్లోకి తీసుకోకుండా మొగుణ్ణి తరిమినందుకు ఆమెకు తర్వాత చాలాసేపు గుండె పీకింది. కానీ ఆ మనిషి ఒంట్లో ఆమెదొకటి ఉంది. పోయిన ఎండాకాలం హైదరాబాదు పెద్దాసుపత్రిలో ఆమె నడుము పక్కన కోసి తీసి అతని పొత్తికడుపులో కుట్టిన కిడ్నీ.

ఇచ్చినందుకు ఆమెను పెర్కిట్ ఊళ్లో ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. సుకుమార్‌కు చేతులు వణకడం మొదలైనప్పుడు పక్కింటి లసుమవ్వ, "ఆడిదాని కిడ్నీ మొగోనికి పెడితె వణుకు రాదా మల్ల!" అని నలుగురిలో తేల్చేసింది. వణుకు తెచ్చిన ఆ గోలీల వల్లే అతని చేతుల మీదా చెంపల మీదా ఎలుగుబంటికి మొలిచినట్టు వెంట్రుకలు మొలిచాయి. ఆడదాని కిడ్నీ అయితే మరి ఈ వెంట్రుకలు ఎక్కడివో లసుమవ్వ చెప్పలేదు. సువర్ణ కూడా అడగలేదు. అడిగే అలవాటు ఆమెకు లేదు.

అత్త రత్నవ్వ కల్లం నుంచి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. పసుపు ఉడకబెట్టే రోజులు. మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం ఉగాది దాటాక గానీ ఆమెను వదలదు. మనవరాలి కడుపు మీది పొక్కులు చూసి ఆమె గొంతు మారిపోయింది. పిల్లను పేరు పెట్టి పిలవలేదు. ఒంటి మీదికి వచ్చిన అమ్మవారికి రెండు చేతులూ జోడించింది.

"వచ్చినవా తల్లీ. సల్లగ ఉండు. మా ఇంట్ల సల్లగ కూసో."

తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. గడపకు వేపమండలు ఎక్కాయి. పిల్ల కింద వేపాకు పరిచారు. పొయ్యి మీద పోపు పెట్టకూడదు, తల దువ్వకూడదు, కత్తెర ముట్టకూడదు. సువర్ణ బీడీల చాట, తునికాకు కట్ట, తంబాకు, కత్తెర మొత్తం లసుమవ్వ ఇంటి పంచకు పోయాయి. ఇవన్నీ సువర్ణకు తెలిసినవే. ఆమె పుట్టింట్లోనూ అంతే. చెప్పకముందే ఒక్కొక్కటీ సర్దుతూ పోయింది.

"గా గోలీల డబ్బ" అంది రత్నవ్వ.

సువర్ణ చేతులు ఆగాయి. గూట్లో బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. సుకుమార్ గోలీలన్నీ అందులోనే.

"అత్తమ్మా, గవి మామూలు గోలీలు కావు."

"ఏ గోలీలైనా మందే. తల్లి ఉన్నింట్ల మందు ఉండొద్దు. ఇంట్లోళ్ల కడుపుల గూడ ఉండొద్దు. తల్లి పొయ్యేదాంక వాడు ముట్టొద్దు."

"ఆపితె కిడ్నీ పోతదని చెప్పిండ్రు గదా..."

"నేను ఒక్కసారి మందు నమ్మిన." రత్నవ్వ గొంతు పెంచలేదు. "ఇద్దరికి ఒక్కసారే పోసింది. పెద్దోనికి సూది ఏపిచ్చిన. చిన్నోనికి ఏపాకు పరిచిన. ఎవడు మిగిలిండో నీ కండ్ల ముంగటనే ఉన్నడు."

కళ్ల ముందే ఉన్నవాడు గడప అవతలి నుంచి చెయ్యి చాపాడు. "డబ్బ ఇటియ్యి సువర్ణా. నేను కల్లం కాడికి పట్కపోత. పిల్ల లేసేదాంక ఆడనే ఉంట."

అత్త పక్కకు జరిగింది. సువర్ణ డబ్బా అందించింది. అతను కల్లం కాడ ఉంటే పిల్లకు దూరంగా ఉన్నట్టే, గోలీలు చేతి కిందే ఉన్నట్టే అని అప్పటికి ధైర్యం చెప్పుకుంది.

సాయంత్రం పొక్కుల అంటు తనతో రాకుండా తలస్నానం చేసి, చీర మార్చుకుని, గిన్నెలో చల్లన్నం పట్టుకుని ఆమె కల్లానికి పోయింది. ఉడకబెట్టిన పసుపు నేల నిండా పరిచి ఉంది. కావలి కాశీరాం గుడిసె ముందు కూర్చుని ఈల దారం మెడలో సర్దుకుంటున్నాడు. చుట్టుపక్కల నాలుగైదు కల్లాలకు అతనొక్కడే కావలి. పసుపు బస్తాలు నిజామాబాద్ యార్డుకు పోయేదాకా ఈల వేసుకుంటూ తిరగడమే అతని నౌకరీ. సువర్ణను చూసి లేచి కుప్పల అవతలికి పోయాడు.

రేకు డబ్బా గుడిసె గుంజకు వేలాడుతోంది. కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

"ఏసుకోలేదా?"

"అన్నం తింట" అన్నాడు సుకుమార్.

"గోలీలు ఏసుకోలేదా అంటున్న."

"అవ్వ చెప్పింది ఇన్నవు గదా."

"ఇంట్ల గదా వద్దన్నది. ఇది కల్లం. ఇక్కడ తల్లి లేదు."

సుకుమార్ గిన్నెలో వేలు పెట్టి మెతుకులు కదిపాడు. "పిల్ల నా రక్తం సువర్ణా. నేనీడ మందు మింగి, ఆడ దానికి ఏమన్నా ఐతె? మా అన్న పానం పొయ్యేటప్పుడు నేను పక్కన్నే పండుకోనున్న. నాకు జర జర యాదికున్నది. కాళ్లు కొట్టుకుండు."

"సూది వల్లనే పోయిండని ఎవలు చూసిండ్రు?"

"సూది వల్ల కాదని ఎవలు చూసిండ్రు?"

నిజం చెప్పాలంటే సువర్ణకూ భయమే. పిల్ల ఒళ్లు కాలుతున్నప్పుడు వేపమండ పట్టుకుని విసురుతూ ఆమె కూడా తల్లినే మొక్కింది. డాక్టరమ్మను కాదు.

"అది నాది" అంది చివరికి. "నీ లోపల ఉన్నది నాది. ఇచ్చేటప్పుడు అందరు సంతకం పెట్టు పెట్టు అన్నరు. ఇప్పుడు తీసి పారేసేటప్పుడు ఒక్కరన్న నన్ను అడుగుతలేరు."

సుకుమార్ తల దించుకున్నాడు. వణికే చేతిని మోకాళ్ల మధ్య నొక్కి పట్టుకున్నాడు. "అవ్వ ఒక్క మాట చెప్తె ఏసుకుంట. అవ్వ మీద ఒట్టు. ఆమె చెప్పకుంట నాకు గొంతు దిగది."

మొండివాడైతే తిట్టవచ్చు, పిరికివాడైతే ధైర్యం చెప్పవచ్చు. బిడ్డ కోసం చావుకు సిద్ధపడి కూర్చున్నవాణ్ణి ఏం చెయ్యాలి? సువర్ణ గిన్నె అక్కడే వదిలి ఇంటిదారి పట్టింది. వెనక కాశీరాం ఈల మోగింది.

మర్నాడు పిల్లకు ముఖం నిండా పోసింది. రత్నవ్వ పక్కన కూర్చుని వేపమండతో తాకీ తాకనట్టు రాస్తూ, "ఏం గావాలె తల్లీ?" అని అడుగుతోంది. పిల్ల బెల్లం నీళ్లడిగితే బెల్లం నీళ్లు, చల్ల అడిగితే చల్ల. తల్లి ఒంటి మీద ఉన్నన్ని రోజులు ఆ నోటి నుంచి వచ్చింది పిల్ల కోరిక కాదు, తల్లి కోరిక. కాదనే హక్కు ఎవరికీ ఉండదు.

చల్లకు పోయి వస్తానని చెప్పి సువర్ణ ఆటో ఎక్కి ఆర్మూర్ బస్టాండు దగ్గర దిగింది. సెల్ ఫోన్లు చేతుల్లోకి వచ్చేస్తున్నా నసీర్ ఎస్టీడీ డబ్బాకు గిరాకీ ఇంకా ఉంది, గల్ఫ్ వాళ్ల భార్యల వల్ల. సువర్ణ కూడా పెళ్లయిన కొత్తలో అక్కడే అద్దాల తలుపు వేసుకుని ఏడ్చేది. నసీర్ నంబరు కలిపి ఇచ్చాడు.

హైదరాబాదులో డాక్టరమ్మ రెండు మాటలు వినగానే కేకలు మొదలుపెట్టింది. "ఎన్ని పూటలు?"

"నిన్న మాపటిది, ఇయ్యాల పొద్దుటిది."

"చిన్నప్పుడు అతనికి ఈ జబ్బు వచ్చిందా?"

"వచ్చిందట."

"అయితే కొంత నయం. కానీ పాప దగ్గరికి అస్సలు పోనివ్వకండి. అతని ఒంటి మీద ఒక్క పొక్కు కనపడ్డా వెంటనే తీసుకురండి. గోలి మాత్రం ఈ క్షణమే వేయించండి. నేను డిశ్చార్జి రోజు మీకు చెప్పాను కదమ్మా, కొంగు పట్టుకుని మరీ చెప్పాను!"

చెప్పింది. సువర్ణకు బాగా గుర్తుంది. ఆ రోజు డాక్టరమ్మ ఆమె చీర కొంగు అందుకుని ఒక ముడి వేసింది. 'మన రక్తంలో తెల్ల కణాలుంటాయి. అవి కావలివాళ్లు. మీ కిడ్నీ అతనికి పరాయిది. కావలివాడు దాన్ని చూడగానే అతని లోపల గంట కొట్టినట్టు కాల్షియం పెరుగుతుంది. ఆ గంటకు ఒక ఎంజైమ్ లేస్తుంది, కాల్సినూరిన్ అంటారు. లోపల ఒక కబురు ఇదిగో ఇలా ముడి వేసి పెట్టి ఉంటుంది. ఆ ముడి విప్పడం ఎంజైమ్ పని.' ఆమె ముడి విప్పి చూపించింది. 'విప్పితే కబురు కణం నడిమింట్లోకి పోతుంది. అక్కడినుంచి కేక లేస్తుంది, అందరూ రండి, దొంగ పడ్డాడు అని. ఇక వేలకు వేలు కావలివాళ్లు పుట్టుకొచ్చి కిడ్నీని పొడిచేస్తారు.' మళ్లీ ముడి వేసి, దాని మీద సువర్ణ చెయ్యి పెట్టించి, ఆ చేతిని తన చేత్తో గట్టిగా పట్టుకుంది. 'గోలి చేసే పని ఇంతే. కణంలోనే ఉన్న ఇంకొక పదార్థాన్ని జత కలుపుకుని పోయి, ముడి విప్పే చెయ్యిని పట్టుకుంటుంది. కావలివాడు చావడు. చూస్తూనే ఉంటాడు. కేక మాత్రం రాదు. నేను చెయ్యి వదిలిన రోజు ముడి విడిపోతుంది.'

'ఎన్ని రోజులు పట్టుకోవాలె అమ్మా?' అని అడిగింది సువర్ణ.

'కిడ్నీ ఉన్నన్ని రోజులు.'

ఫోన్ పెట్టేసి ఆమె బల్ల మీద కూర్చుండిపోయింది. నసీర్ నీళ్ల గ్లాసు ముందు పెట్టాడు.

"అంత వినపడ్డది భాభీ, మాఫ్ చెయ్యి. గిదంత మా ఇంట్ల గూడ అయ్యింది. రంజాన్ రోజాలు వచ్చినయంటే మా అబ్బా షుగర్ గోలి బంద్. నేను చెప్పిన, ఇనలే. డాక్టర్ చెప్పిండు, ఇనలే. కండ్లు తిరిగి పడ్డడు. ఆఖరికి మా మసీదు హాఫీజ్ సాబ్ ఇంటికొచ్చి, బీమారున్నోనికి రోజా మాఫ్ అని ఒక్క మాట చెప్పిండు. గంతే, గోలి మింగిండు." నసీర్ చేతులు దులుపుకున్నాడు. "మాట అదే భాభీ. నోరు వేరే గావాలె."

ఇంటికి పోతున్నంతసేపూ సువర్ణ కొంగు కొసకు ముడి వేస్తూ విప్పుతూ పోయింది. సుకుమార్ గొంతు రత్నవ్వ మాట కోసం ఆగింది. రత్నవ్వ మాట తల్లి కోసం ఆగింది. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయే కబురు. సుకుమార్ చేతిని ఆమె పట్టుకోలేకపోయింది. రత్నవ్వను ఎదిరించి గెలిచే గొంతు ఆమెకు లేదు. ఇక మిగిలింది ఆ మొదటి నోరు. అది వేపాకు మీద పడుకుని బెల్లం నీళ్లు అడుగుతోంది.

తల్లి నోట్లో మాట పెట్టడమా? పొక్కులతో ఉన్న బిడ్డ నోటినా వాడుకునేది? రేపు జ్వరం నెత్తికెక్కితే, కళ్లల్లో పోస్తే, ఆ పాపం ఎవరిది? మొగుణ్ణి కాపాడుకోవడానికి బిడ్డను పణం పెట్టినట్టే కదా. పెర్కిట్ మూలమలుపు దగ్గర ఆటో దిగి, ఇల్లు కనపడుతుండగా చాలాసేపు నిలబడిపోయింది. లోపలికి పోయాక కూడా వెంటనే పిల్ల దగ్గరికి పోలేదు. చల్ల గిన్నె పొయ్యి దగ్గర పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా రత్నవ్వ పోచమ్మకు సాక పోయడానికి వేపాకు, పసుపు, బెల్లం కలిపిన నీళ్ల చెంబు పట్టుకుని బయల్దేరింది. వాకిలి దాటేదాకా చూసి సువర్ణ పిల్ల పక్కకు జరిగింది.

"కరుణా, నాయిన నిన్నటి సంది గోలీలు ఏసుకుంటలేడు."

పిల్ల ఉబ్బిన కళ్లు తెరిచింది. "నేను లేనని ఏసుకుంటలేడా?"

సువర్ణ ఇంకాస్త వంగింది. "రేపు పొద్దుగాల బాపమ్మ ఏం గావాలె తల్లీ అని అడుగుతది గదా. నాయినకు గోలీలు ఇయ్యమని చెప్పు. పొద్దుగాల రెండు, మాపటికి రెండు అని చెప్పు. నేను చెప్పుమన్ననని చెప్పకు."

"అమ్మా, తల్లి నా లోపల ఉన్నదా?"

"ఉన్నది."

"నాయిన గోలీల సంగతి తల్లికి ఎరికేనా?"

సువర్ణ పిల్ల నుదుటి మీద వేపాకు సర్దింది. "నీకు ఎరికైతె తల్లికి ఎరికైనట్టే బిడ్డా."

ఆ రాత్రి పిల్ల ఒళ్లు మరింత కాలింది. సువర్ణ కన్ను మూయలేదు. నీ నోట్లో మాట పెట్టింది నేను, పిల్లనేమీ అనకు అని చీకట్లో లోలోపలే మొక్కుతూ కూర్చుంది. గోడ అవతల రత్నవ్వ కూడా పొర్లుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

తెల్లారింది. రత్నవ్వ ముఖం కడుక్కుని, కొత్త వేపమండ తెచ్చి, పిల్ల కాళ్ల దగ్గర కూర్చుని చేతులు జోడించింది.

"ఏం గావాలె తల్లీ?"

పిల్ల సువర్ణవైపు చూడలేదు. పైకప్పు రేకులవైపు చూసింది. "నాయినకు గోలీలియ్యి. పొద్దుగాల రెండు. మాపటికి రెండు."

రత్నవ్వ చేతిలో వేపమండ ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి కోడలి వంక చూసింది. సువర్ణ చల్ల గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. గిన్నెలో ఏమీ లేదు. రత్నవ్వ మళ్లీ పిల్లవైపు తిరిగింది.

"నువ్వు మా ఇంట్ల కూసోనుండంగ మందు మింగితె, నీకు కోపం రాదా తల్లీ?"

ఈ ప్రశ్న సువర్ణ అనుకోనిది. దీనికి పిల్లకు ఏమీ నేర్పలేదు. గరిటె ఆగింది. పిల్ల పెదవులు తడుపుకుని నిజాయితీగా ఆలోచించింది.

"కోపం రాదు" అంది. "వాసనొస్తది. నేను ముక్కు మూసుకుంట."

రత్నవ్వ ముఖంలో ఏదో కదిలింది. నవ్వో ఏడుపో తేలకముందే ఆమె వంగి పిల్ల పాదాలకు నుదురు ఆనించింది. లేచి కొంగు నడుముకు చుట్టుకుని, "నువ్వు పిల్ల కాడ ఉండు" అని కోడలికి చెప్పి వాకిలి దాటింది.

సువర్ణ ఉండలేదు. లసుమవ్వను గడప దగ్గర కూర్చోబెట్టి అత్త వెనకాల పరుగెత్తింది. దారిలో పోచమ్మ గద్దె దగ్గర రత్నవ్వ ఒక్క క్షణం నిలబడి పెదవులు కదిపి ముందుకు పోవడం దూరం నుంచి చూసింది. ఆమె కల్లం చేరేసరికి రత్నవ్వ గుంజకున్న డబ్బా దింపి తాడు విప్పుతోంది. గోలి రేకు చింపడం ఆమెకు రాదు. పసుపు పట్టిన గోళ్లు జారిపోయాయి. పళ్లతో కొరికింది. గుప్పున వాసన కొడితే ముఖం తిప్పుకుంది.

"అవ్వా?" అన్నాడు సుకుమార్, లేచి నిలబడి. రెండు రోజుల్లోనే అతని కళ్ల కింద వాపు తేలింది.

"తల్లి అడిగింది. మింగు."

"నిజంగనా? తల్లినే అన్నదా?"

"అన్నది. నేను గూడ అంటున్న. పట్టు."

అరచెయ్యి చాపాడు. అది ఎండుటాకులా వణికింది. గోలీలు దొర్లి పడబోతే రత్నవ్వ తన పచ్చటి చెయ్యి కింద ఆనించి పట్టుకుంది, రోజూ పిల్ల పట్టుకున్నట్టే. అతను మింగాడు. నీళ్లు తాగాడు. అలవాటుగా నోరు తెరిచాడు. ఎందుకు తెరిచాడో రత్నవ్వకు తెలియదు. సువర్ణ ముందుకు వచ్చి నాలుక కింద చూసి, "పోయినయ్" అంది.

ఆ మధ్యాహ్నమే సుకుమార్ మేనబావ ముత్తెన్న అతణ్ణి బస్సులో హైదరాబాదు తీసుకుపోయాడు. రక్తం తీసి చూస్తే కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే అంకె కొంచెం పెరిగి ఉందన్నారు. డాక్టరమ్మ ముత్తెన్నను కూడా కలిపి తిట్టింది. ఇంకో మందు కొన్నాళ్లు ఎక్కువ మోతాదులో ఇచ్చి పక్కనే ఉంచుకుని చూసింది. అంకె దిగింది. ఈసారికి తప్పింది, ఇంకోసారి నా దగ్గరికి రావద్దు అని పంపించింది. అతని ఒంటి మీద పొక్కు లేవలేదు. పిల్లకు పూర్తిగా తగ్గేదాకా సుకుమార్ ముత్తెన్న ఇంట్లోనే ఉన్నాడు.

పిల్లకు పొక్కులు నల్లబడి, ఎండి, రాలాయి. తల్లిని సాగనంపే రోజు పొద్దున్నే వాకిట్లో గంగాళంలో వేపాకు, పసుపు వేసి నీళ్లు కాచారు. రత్నవ్వ పీట మీద కూర్చుని మనవరాలిని ముందు నిలబెట్టుకుని, పెచ్చులు ఊడేలా మెత్తటి గుడ్డతో ఒళ్లు రుద్దుతోంది. సువర్ణ చెంబుతో నీళ్లు పోస్తోంది. అందరి ముఖాలూ తేలికగా ఉన్నాయి. నాయిన ఇవాళ వస్తాడని, గోలి తనే ఇస్తానని పిల్ల ఆపకుండా చెబుతోంది.

"జర నీళ్లు పట్టరాపో" అని రత్నవ్వ పిల్లను చిన్న గ్లాసు ఇచ్చి నల్లా దగ్గరికి పంపింది. పంపి, కోడలి వంక చూడకుండానే అంది:

"ఆ మాట నువ్వే చెప్పిచ్చినవ్ గదా."

సువర్ణ చేతిలో చెంబు ఒరిగి నీళ్లు నేల మీద పోయాయి.

"తల్లి అడిగితె చల్ల అడుగుతది, బెల్లం అడుగుతది" అంది రత్నవ్వ, తడిగుడ్డ పిండుతూ. "పొద్దుగాల రెండు, మాపటికి రెండు అని లెక్క చెప్తదా? అప్పుడే ఎరికైంది నాకు."

"మరి ఎరికుండి ఎందుకు ఒప్పుకున్నవ్ అత్తమ్మా?"

"ఏమో బిడ్డా. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. కొడుకు ఆడ కల్లంల గోలి ముట్టకుంట కూసోనున్నడు. వద్దన్నది నేను. మింగుమనాలంటె పెద్దోడు కండ్లల్ల కనపడుతుండు. ఎవలన్న ఒకలు చెప్తె బాగుండని చూసిన. ఎవలు చెప్పకపాయె. నువ్వు గూడ నోరు తెరువకపాయె." గుడ్డ విదిలించింది. "తెరిచినవ్ లే. పిల్ల నోరన్న తెరిచినవ్."

సువర్ణకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్ని రోజులూ రాత్రిళ్లు ఆమెను తిన్న మాట బయటపడింది. "పిల్లకు ఏమన్నా ఐతె అని నేను సచ్చిపోయినంత పని అయ్యింది అత్తమ్మా. పాపం నాకే తగలాలె అని మొక్కుకున్న."

"నీకెందుకు తగులుతది?" రత్నవ్వ అప్పుడు తలెత్తింది. "గద్దె కాడ నిలవడి తల్లికి చెప్పే పోయిన గదా. పిల్ల నోట్ల మాట పెట్టింది నేనే, కోడలికి ఏం ఎరుక లేదు, కోపమొస్తె నన్ను కొట్టు అని. ఒక కొడుకును ఇచ్చిన, ఇంగ నా కాడ ఉన్నది నేనే అని చెప్పిన."

కరుణ గ్లాసు నిండా నీళ్లు తెచ్చి, సగం దారిలోనే ఒలకబోసుకుని వచ్చి నిలబడింది. "బాపమ్మా, సలి పెడుతుంది."

"నీళ్లు పొయ్యి, పిల్ల వణుకుతుంది" అంది రత్నవ్వ.

సువర్ణ గంగాళంలో చెంబు ముంచింది. ముందు బిడ్డ తల మీద పోసింది. మళ్లీ ముంచింది. ఈసారి వంగి, తల్లికి బోనమెత్తుకుని వచ్చిన మనిషి కాళ్లకు వాకిట్లో మొక్కి పోసినట్టు, అత్త రెండు పాదాల మీదా మెల్లగా పోసింది.

"నాకెందుకే పిచ్చిదానా" అంది రత్నవ్వ. కానీ కాళ్లు వెనక్కి తీసుకోలేదు.